వైద్యసేవాపరాయణ డాక్టరు ఐడా స్కడ్డర్

రేణిగుంట నుండి తిరుపతి, పాకాల, చిత్తూరుల మీదుగా కాట్పాడి చేరు రైలుమార్గమున వేలూరు ఆసుపత్రికి పోవు రోగులు నేటికిని కలరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు వేలూరును, ఈ ప్రాంతమును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. ఆ ఆసుపత్రికి పునాది వేసిన వారు డాక్టరు ఐడా సోఫియా స్కడ్డర్.

అమెరికా దేశపు మిషనరీ వైద్యకుటుంబమున, 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించిన ఆమెకు యౌవనమున వైద్యవిద్యపై గాని, ఈ దేశమున స్థిరపడుటపై గాని ఇచ్ఛ లేకుండెను. తల్లి అస్వస్థురాలగుటచే తిండివనము వచ్చియుండగా, ఒకే రాత్రి ముగ్గురు గృహస్థులు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడుమని అర్థించిరి. ఆమె వైద్యమెరుగదు. వైద్యుడైన తండ్రిని పంపెదనన్నను, పరపురుషుడు స్త్రీని పరీక్షించుట ఆచారవిరుద్ధమని వారు సమ్మతింపరైరి. తెల్లవారుసరికి ఆ మువ్వురు స్త్రీలును మరణించిరి. ఆడువైద్యుల లేమియే వారి ప్రాణములు తీసెనని గ్రహించి, ఆమె వైద్యవిద్య నభ్యసింప నిశ్చయించుకొనిరి.

1899లో అమెరికాలోని కార్నెల్ వైద్యకళాశాలలో పట్టభద్రురాలై, 1900లో తిరిగివచ్చి, వేలూరులో తల్లిదండ్రుల బంగళాయందలి చిన్నగదిలో చికిత్స ప్రారంభించిరి. 1902లో 40 పడకల స్త్రీల ఆసుపత్రి వెలసెను. ఆసుపత్రికి రాలేని పేదల కొరకు వారమున కొకపరి గుడియాత్తము దారిన బయలుదేరి, చెట్లనీడల బండి నిలిపి, కాచియున్న పల్లెప్రజలకు మందులిచ్చి, పుండ్లు కడిగి కట్లు కట్టుచుండిరి.

ఎంత శ్రమించినను ఒక్కరు ఎందరిని కాపాడగలరు? అందులకే 1909లో నర్సుల శిక్షణాలయమును, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను నెలకొల్పిరి. ముగ్గురు బాలికలు ముందుకు వచ్చుటయే కష్టమని అధికారులు సంశయింపగా, తొలియేటనే 151 దరఖాస్తులు వచ్చెను. ఆ పాఠశాలయే పెరిగి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల యయ్యెను. 1947 నుండి పురుషులకును అందు ప్రవేశము లభించెను.

ఆమె అవివాహితగనే జీవించిరి. అయినను ఆసుపత్రియే లోకముగ ముడుచుకొని యుండలేదు. వార్ధక్యమునను టెన్నిస్ ఆడిరి, పూలతోట పెంచిరి, కొడైకెనాల్ కొండలపై విశ్రాంతి గైకొని నూతనోత్సాహముతో మరల రోగుల కడకు వచ్చుచుండిరి. 1946లో పదవీవిరమణ గావించి, 1960 మే నెలలో, 89వ యేట ఆ కొండలపైననే కన్నుమూసిరి.

రోగి సంకోచమును నిందించి యూరకుండక, ఆ సంకోచమునకు తావులేని రీతిని వైద్యురాండ్రను తీర్చిదిద్దుటయే ఆమె జీవితకాయకము.