చేతులు కడుగుకొనుమన్న వైద్యుడు

భోజనమునకు ముందు చేతులు కడుగుకొనుమని తల్లి చెప్పని యిల్లుండదు. ఇంత చిన్న అలవాటును పెద్ద చదువులు చదివిన వైద్యులకు నేర్పబోయి, ఉద్యోగమును మనశ్శాంతిని గోలుపోయినవాడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

ఆయన 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగేరీ దేశమందలి బూడా నగరమున జన్మించెను. తండ్రి పచారీ వర్తకుడు. దేశము హంగేరీవారిది, ఇంటి భాష జర్మను. ఇంటి భాష యొకటియు, రాష్ట్రభాష వేరొకటియునైన మన పిల్లల కీ సంగతి వింతగాదు. వియన్నాలో మొదట న్యాయశాస్త్రమున జేరి, మరుసటి యేడే వైద్యమునకు మరలెను. 1844లో పట్టము పొంది, 1846లో వియన్నా పెద్దాసుపత్రిలో మొదటి ప్రసూతి విభాగమున సహాయ వైద్యుడయ్యెను.

అచట ప్రసూతి విభాగములు రెండు. మొదటిదానిలో వైద్య విద్యార్థులును, రెండవదానిలో మంత్రసానిపని నేర్చు స్త్రీలును కాన్పులు చేయుచుండిరి. 1846లో మొదటిదానిలో 4,010 కాన్పులకు 459 మంది తల్లులు మరణించిరి. రెండవదానిలో 3,754 కాన్పులకు 105 మంది మాత్రమే. కారణము సూతికాజ్వరము. ఊరి స్త్రీల కీ భేదము తెలియును. తమ్ము మొదటి విభాగమునకు పంపవలదని వారు మోకరిల్లి ప్రార్థించెడివారు.

గాలి దోషమందమా, రెండింటికిని గాలి యొక్కటే. జనసమ్మర్దమందమా, రెండవదానిలోనే జనము హెచ్చు. ప్రసవ సమయమున తల్లి పరుండు తీరును మార్చి చూచిరి. మతగురువు గంట మ్రోగించుచు పోవు త్రోవను సైతము మార్చిరి. ఫలము లేకపోయెను.

1847 మార్చిలో ఆయన మిత్రుడు, ఆచార్యుడునగు కొల్లెచ్కా శవపరీక్షవేళ ఒక విద్యార్థి కత్తి వ్రేలికి తగిలి మరణించెను. ఆయన దేహమున గనుపించిన చిహ్నములు సూతికాజ్వరపు చిహ్నములే! సెమ్మెల్‌వైస్‌కు దారి తోచెను. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే తల్లుల యొద్దకు వచ్చుచుండిరి. మంత్రసానులకు శవముల పనిలేదు. సబ్బుతో కడిగినను చేతుల శవవాసన పోవుట లేదు. కావున మే నెల నుండి క్లోరిను కలిసిన సున్నపు నీటితో చేతులు కడిగినగాని లోనికి రాగూడదని కట్టడి చేసెను. ఏప్రిలులో నూటికి 18 మంది చనిపోయినచోట జూలైలో నూటికి ఇంచుమించు ఒకరే చనిపోయిరి. ఆ శరత్తులో ఒక రోగి వ్రణమునుండి ప్రక్క మంచములవారికి జ్వరము సోకగా, ప్రతి రోగికిని నడుమ చేతులు కడుగవలెనని నియమమును బిగించెను. 1848లో 3,556 కాన్పులకు మరణించినవారు 45 మంది.

ఇంతటి ఫలమును జూచియు పెద్దలు నమ్మలేదు. రోగమును తెచ్చునది వైద్యుని చేయియే యనుట వారికి అవమానమయ్యెను. సూక్ష్మజీవుల సంగతి నాటికి తేలలేదు. ఆయనయు వ్రాతకు వెనుదీయువాడగుటచే గ్రంథము 1861 వరకు వెలువడలేదు. ఇది ఆయన పక్షమున లోపమే. 1849లో ఉద్యోగము పోయెను. 1850లో మిత్రులకైనను చెప్పక పెస్టు నగరమునకు మరలిపోయెను. అచటి ఆసుపత్రిలోను చేతుల కడుగుడు ప్రవేశపెట్టి జ్వరమును తగ్గించెను. తన మాట వినని వైద్యులను హంతకులని బహిరంగ లేఖలలో దూషించి విరోధులను పెంచుకొనెను.

1865లో మతి చలించినదని ఆయనను వియన్నాలోని పిచ్చాసుపత్రిలో జేర్చిరి. అచట దెబ్బలు తిని, పుండు కుళ్ళి, రక్తము విషమై ఆగస్టు 13న మరణించెను. అప్పటికి వయస్సు 47 ఏండ్లు. రెండేండ్లకే ఇంగ్లాండు వైద్యుడు లిస్టరు కార్బాలికామ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను. బూడాలో సెమ్మెల్‌వైస్ పుట్టిన యిల్లు పిదప వైద్యచరిత్ర ప్రదర్శనశాల అయ్యెను. ఆయన అస్థికల నచటనే యుంచిరి.