సార్జెంటు ఆల్విన్ యార్క్ – యుద్ధభూమి నుండి బడి వరకు



అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబముల యౌవనస్థులు సైన్యములోనో పోలీసు శాఖలోనో చేరే ముందు, విశ్వాసి ఆయుధము పట్టవచ్చునా అని మమ్ములను అడుగుతుంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పగల ప్రశ్న కాదిది. ఇదే ప్రశ్నతో నలిగిపోయిన ఒక మనిషి జీవితమును ఈసారి మీ ముందు ఉంచుతున్నాము.

ఆల్విన్ యార్క్ 1887 డిసెంబరు 13న అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రములో, పాల్ మాల్ అను కొండ పల్లెలో జన్మించారు. పదకొండుమంది పిల్లలలో ఆయన మూడవవాడు. తండ్రి సేద్యము చేస్తూ కమ్మరి పని కూడా చేసేవాడు. ఇంటి పనుల వలన పిల్లవానికి బడి చదువు కొద్ది నెలలు మాత్రమే దక్కింది. అడవిలో వేటాడి గురి తప్పని తుపాకి విద్య మాత్రము బాగా అబ్బింది. 1911లో తండ్రి చనిపోగా కుటుంబ భారము ఆయన మీద పడింది. అయినను త్రాగుడు, జూదము, కొట్లాటలు మానలేదు. తల్లి ఆయన కొరకు కన్నీటితో ప్రార్థించేది. త్రాగుడు స్నేహితుడొకడు కొట్లాటలో చనిపోవుట చూచి యార్క్ మనస్సు కలవరపడింది. 1915 ఆరంభములో ఉజ్జీవ కూటములలో మారుమనస్సు పొంది, యుద్ధమును అంగీకరించని ఒక చిన్న సంఘములో సభ్యుడైనారు.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధములో ప్రవేశించింది. నిర్బంధ సైనిక సేవ చట్టము వచ్చింది. మనస్సాక్షి ఒప్పుకోదు గనుక మినహాయింపు ఇవ్వవలెనని యార్క్ అర్జీ పెట్టుకొన్నారు. అది తిరస్కరించబడింది. జార్జియాలోని శిక్షణ శిబిరములో తుపాకి గురి చూపి అందరినీ ఆశ్చర్యపరచారు గాని, మనుష్యుల మీద కాల్చుట తన వలన కాదని అధికారులతో చెప్పారు. కెప్టెన్ డాన్‌ఫోర్త్, మేజర్ బక్స్‌టన్ ఆయనను దండించలేదు. ఆయనతో కూర్చొని వాక్యము తెరచి మాటలాడారు. కావలివాని బాధ్యతను గూర్చిన యెహెజ్కేలు 33వ అధ్యాయమును చూపారు. ఆలోచించుకొనుటకు సెలవు ఇచ్చి ఇంటికి పంపారు. యార్క్ కొండ మీద ఒంటరిగా ప్రార్థించి, వెళ్ళుటయే తన కర్తవ్యమని నిశ్చయించుకొని తిరిగి వచ్చారు. 1918 మే నెలలో ఆయన పటాలము ఫ్రాన్సు చేరింది.

అప్పటికి నాలుగేండ్లుగా ఫ్రెంచి, బ్రిటిషు సేనలు అలసిపోయి ఉన్నవి. మన భారత సైనికులు కూడా 1914లోనే ఫ్రాన్సు చేరి ఆ కందకములలో పోరాడారు. సెప్టెంబరు 26న జనరల్ పెర్షింగ్ ఆధ్వర్యములో మ్యూజ్-ఆర్గాన్ దాడి మొదలైంది. 47 దినములు సాగిన ఆ పోరులో సుమారు 12 లక్షల అమెరికను సైనికులు పాల్గొన్నారు. 26 వేల మందికి పైగా ప్రాణములు కోల్పోయారు. నవంబరు 11న కాల్పుల విరమణతో అది ముగిసింది.

ఆ పోరు మధ్యలో, అక్టోబరు 8న, షాతెల్ షెహెరీ గ్రామము వద్ద జర్మను మరతుపాకులు అమెరికను దళమును కదలనివ్వలేదు. వాటి వెనుక నుండి చుట్టుముట్టుటకు సార్జెంటు ఎర్లీతో కలిపి 17 మందిని పంపారు. వారు కొందరు జర్మనులను పట్టుకొన్నంతలో పైనున్న మరతుపాకులు వారి వైపు తిరిగినవి. ఆరుగురు చనిపోయారు, ఎర్లీతో సహా ముగ్గురు గాయపడ్డారు. నాయకత్వము కార్పొరల్‌గా ఉన్న యార్క్ మీద పడింది. ఆయన తుపాకితో ఒక్కొక్కరినే గురిచూసి కాల్చగా, చివరకు జర్మను అధికారి లొంగిపోవుటకు ఒప్పుకొన్నాడు. యార్క్, మిగిలిన సహచరులు కలిసి 132 మంది ఖైదీలను వెంటబెట్టుకొని వచ్చారు. మరుసటి దినము యార్క్ అనుమతి తీసుకొని, ప్రాణముతో ఎవరైనా మిగిలారేమోనని ఆ స్థలమును వెదకారు. విజయమును తలచుకొని గర్వించినవాడు కాడాయన.

అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఆయనకు లభించింది. ఘనత అంతా ఒక్కనికే దక్కిందని సహచరులు కొందరు నొచ్చుకొన్నారు. ఎర్లీకి 1929లో గాని పతకము రాలేదు. ఇది కూడా చెప్పుట న్యాయము.

1919లో స్వదేశము చేరగా ప్రకటనలకు, నాటకశాలలకు పేరు వాడుకొనుటకు పెద్ద మొత్తములు ఇవ్వజూపారు. ఆయన కాదని పల్లెకు వెళ్ళి గ్రేసీ విలియమ్స్‌ను వివాహమాడారు. తనకు దక్కని చదువు కొండ ప్రాంతపు పిల్లలకు దక్కవలెనని ఊరూరా తిరిగి విరాళములు పోగుచేసి, జేమ్స్‌టౌన్ పట్టణములో ఒక బడి స్థాపించారు. బండి ఖర్చులకు డబ్బు లేనప్పుడు తన పొలమును తాకట్టు పెట్టారు. పాఠశాలల్లో జీవితము గడిపిన మాబోటి వారికి ఆ తాకట్టు యుద్ధములోని ధైర్యము కంటె పెద్దదిగా కనిపిస్తుంది. ఆ బడి నేటికీ ఆయన పేరుతో నడుస్తోంది.

1941లో విడుదలైన తన జీవితముపై సినిమాకు ఆయన ఒప్పుకొన్నది ఒక బైబిలు పాఠశాల కట్టవలెనన్న ఆశతోనే. ఆ ఆదాయము మీది పన్ను వివాదము ముసలితనములో ఆయనను వేధించింది. 1954లో పక్షవాతము వచ్చింది. 1961లో 25,000 డాలర్లకు రాజీ కుదరగా, ప్రజల విరాళములతో అది తీరింది. 1964 సెప్టెంబరు 2న ఆయన కన్నుమూశారు.

యౌవనస్థులారా, యార్క్ నిర్ణయము సరియైనదా కాదా అని మేము తీర్పు చెప్పబోము. సంఘములో ఇరువైపులా భక్తిపరులున్నారు. అయితే మూడు సంగతులు గమనించండి. ఆయన తన సందేహమును దాచలేదు, పై అధికారుల ఎదుట చెప్పారు. ప్రార్థించకుండ నిర్ణయించలేదు. పేరు వచ్చిన పిమ్మట దానిని తన ఇంటికి కాక పిల్లల చదువుకు వెచ్చించారు. మీరు ఏ ఉద్యోగములో చేరినను, ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే. మీ మనస్సాక్షి బరువెక్కినప్పుడు సంఘపెద్దల వద్దకు రండి. మీతో కూర్చొని ప్రార్థించుటకు మేమున్నాము.