జేమ్స్ పారిస్ లీ: గడియారాల కొట్టు నుంచి త్రీ-నాట్-త్రీ దాకా

మ్యాగజైను అనగానే మన విద్యార్థి లోకానికి ముందు గుర్తొచ్చేది కాలేజీ పత్రిక. పోలీసువాళ్ళకి మాత్రం రైఫిలు పొట్ట కింద వుండే రేకు పెట్టె గుర్తొస్తుంది. నిజానికి రెండూ ఒకే మాట. అరబ్బీలో గిడ్డంగి అనే అర్థం వున్న మాటలోంచి పుట్టింది. మన ఖజానా కూడా ఆ వంశానిదే. ఒక ఖజానాలో కథలూ కవితలూ వుంటాయి, రెండో దాంట్లో తూటాలు. ఆ రెండో ఖజానాకి పనికొచ్చే రూపం యిచ్చిన మనిషి జేమ్స్ పారిస్ లీ. కొన్ని దశాబ్దాలపాటు మన పోలీసుల భుజాన, ఎన్.సి.సి. కేడెట్ల చేతుల్లో కనిపించిన త్రీ-నాట్-త్రీ రైఫిలుకి లీ-ఎన్‌ఫీల్డు అని పేరు. అందులోని లీ ఈయనే.

లీ 1831లో స్కాట్లండులోని హావిక్ అనే వూళ్ళో పుట్టాడు. తండ్రి గడియారాల పనివాడు. పిల్లవాడికి ఐదారేళ్ళ వయసులో కుటుంబం కెనడాకి, ఇప్పటి ఒంటారియో రాష్ట్రంలోని గాల్ట్ అనే చోటికి వలస వెళ్ళింది. తండ్రి కొట్లోనే పని నేర్చుకున్నాడు. గడియారం పనంటే తెలిసిందేగా, వెంట్రుకవాసి తేడా వస్తే ముల్లు కదలదు. పన్నెండో ఏట పాత పిస్తోలు గొట్టానికి కర్రమడమ తొడిగి సొంతంగా తుపాకి చేశాడనీ, అది సరిగ్గా పేలలేదనీ చెప్తారు.

పెద్దయ్యాక అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చేరాడు. అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. వెనకనుంచి తూటా పెట్టే తుపాకి ఒకటి రూపొందించి, సైన్యం నుంచి వెయ్యి కార్బైన్ల ఆర్డరు సంపాదించాడు. కాకపోతే ఏమైందంటే, సరుకు తయారయ్యాక గొట్టం కొలత తాము అడిగింది కాదని సైన్యం తిరస్కరించింది. తేడా అంగుళంలో నూరో వంతు లెక్కల్లోది. గడియారాలు బాగుచేసిన చేతికి కొలత దగ్గరే దెబ్బ తగిలింది. ఇంకొకడైతే ఆ వృత్తికే నమస్కారం పెట్టేవాడు. లీ పెట్టలేదు.

అప్పట్లో ఎక్కువ తూటాలు పట్టే రైఫిళ్ళలో చాలావాటికి గొట్టం కిందే ఇంకో గొట్టం వుండేది. తూటాలు అందులో రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. వెనక తూటా మొన ముందు దాని అడుగున వున్న మందుబిళ్ళకి ఆనుకునేది, గట్టిగా కుదిపితే పేలే ప్రమాదం. పైగా కాలుస్తున్న కొద్దీ తుపాకి తూకం మారిపోయేది. లీ వాటిని పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. రేకు పెట్టె, అడుగున స్ప్రింగు, పైన తూటా జారిపోకుండా పట్టే రెండు వంపు అంచులు. కావాలంటే పెట్టె పెట్టెనే వూడదీసి నిండుది తగిలించవచ్చు. 1879 నవంబరులో దీనికి పేటెంటు వచ్చింది. అదృష్టం మాత్రం వెంటనే రాలేదు. తయారీకి ఒప్పుకున్న షార్ప్స్ కంపెనీ మూతపడింది. తర్వాత చేపట్టిన రెమింగ్టన్ కంపెనీ 1886లో దివాలా తీసింది.

ఇదే ప్రశ్నకి ఐరోపాలో ఇంకో ఇద్దరు వేరే జవాబులు రాస్తున్నారు. ఆస్ట్రియాలో మాన్‌లిషర్ అసలు రైల్వే ఇంజనీరు. ఆయన 1886 రైఫిలులో ఐదు తూటాల్ని ఒక రేకు పట్టీతో సహా లోపలికి నెట్టెయ్యడమే, ఆఖరి తూటా పైకి వెళ్ళగానే పట్టీ అడుగు కన్నంలోంచి కింద పడిపోతుంది. నింపడం క్షణాల్లో పని. కానీ ఆ కన్నంలోంచే బురద లోపలికొస్తుంది, సగం ఖాళీ అయిన మ్యాగజైనులో విడి తూటా వెయ్యడానికీ వీల్లేదు. జర్మనీలో మౌజర్ పట్టీని పైనే వుంచి, బొటనవేలితో ఐదు తూటాల్నీ కిందికి దింపే పద్ధతి పెట్టాడు. 1893లో స్పెయినుకి చేసిన రైఫిలులో తూటాల్ని రెండు వరసలుగా సర్ది, పెట్టె కర్రలోనే దాగిపోయేటట్టు చేశాడు.

బ్రిటన్ 1888లో లీ పెట్టెని తీసుకుంది. మొదట ఒక వరసలో ఎనిమిది, తర్వాత రెండు వరసల్లో పది. తూటాల సంఖ్యలో చాలామంది కంటే ముందు. కానీ వాడకం చూడండి! వూడదీసి మార్చడానికి చేసిన పెట్టెని పోగొట్టేస్తారనే భయంతో రైఫిలుకి గొలుసువేసి కట్టారు. ఖాళీ అయితే ఒక్కో తూటా చేత్తో వేసుకోవలసిందే. 1899లో బోయర్ యుద్ధం మొదలైంది. ఎదుటివాళ్ళు మౌజర్లతో ఐదేసి తూటాలు ఒక్క తోపుతో నింపుతుంటే, వీళ్ళు ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూచున్నారు. ఆ ఆలస్యం ఖరీదు ప్రాణాలు. ఆ తర్వాతే లీ పెట్టెకి మౌజర్ పట్టీ జతపడింది. మూడు దేశాల బుర్రలు కలిస్తేగాని మనం చూసిన త్రీ-నాట్-త్రీ తయారవలేదు. అమెరికా సైన్యం కూడా క్యూబాలో మౌజర్ దెబ్బ తిన్నాక ఆయన పద్ధతులు తీసుకుని రాయల్టీ కట్టింది.

లీ 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని కనెక్టికట్‌లో కన్నుమూశాడు. మాన్‌లిషర్ అంతకు నెల ముందే పోయాడు. ఆ తర్వాత లీ పెట్టె ఇంగ్లండులో ఎన్‌ఫీల్డు, ఆస్ట్రేలియాలో లిత్‌గో, మన బెంగాల్లో ఇషాపూరు కార్ఖానాల్లో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగో నంబరు రైఫిలు కోసం కొంచెం మార్చిన పెట్టె అమెరికాలోనూ, కెనడాలో టొరాంటో దగ్గరి లాంగ్ బ్రాంచిలోనూ వచ్చింది. అంటే లీ పెరిగిన ఒంటారియోలోనే అన్నమాట.

ఇన్ని దేశాల పెట్టెలూ చూపుకి అన్నదమ్ములే. కానీ పాత రకానిది నాలుగో నంబరు రైఫిలుకి సరిగ్గా అమరదు. ఒకే రకంలో కూడా పెట్టెని ఆ రైఫిలులో పెట్టి చూసి, అంచుల్ని కాస్త వంచి సరిచెయ్యాల్సిందే. పైగా త్రీ-నాట్-త్రీ తూటా అడుగున అంచు వుంటుంది. పైదాని అంచు కిందిదాని వెనక చిక్కితే రైఫిలు మొరాయిస్తుంది. 1960లలో ఇషాపూరువాళ్ళు అంచు పొడుచుకురాని 7.62 తూటాకి రైఫిలు మార్చినప్పుడు ఆ బాధ తప్పింది. పెట్టెలో పన్నెండు పట్టాయి.

లీ చేసింది మనుషుల్ని చంపే పనిముట్టు. ఆ మాట దాచి ఆయన్ని మహాత్ముణ్ణి చెయ్యక్కర్లేదు. ఆయన పెట్టె నిండిన వేగంతోనే కందకాలూ శ్మశానాలూ నిండాయి. కానీ ఇంజనీరింగు చదివే మిత్రులకి ఈ జీవితంలో ఒక లెక్క వుంది. వెయ్యి తుపాకులు కొలత తేడాతో తిరిగొచ్చిన మనిషి, పద్నాలుగేళ్ళ తర్వాత ప్రపంచమంతా కొలిచి చేసుకునే వస్తువు యిచ్చాడు. దాని అసలు సుఖం, పెట్టె మార్చుకోవడం, ఆయన బతికుండగా ఏ సైన్యానికీ సరిగ్గా తలకెక్కలేదు. ఇరవయ్యో శతాబ్దం సగానికొచ్చేసరికి అదే అన్ని దేశాల పద్ధతి అయింది. గడియారాల కొట్లో పెరిగినవాడు కాలం కంటే కాస్త ముందు నడిచాడు.