నోరులేని పిల్లల పక్షమున నిలిచిన దొర

వేదపఠనము: సామెతలు 31:8-9, యోహాను 4:36-38



తాత నాటిన చింతచెట్టు కాయలను మనుమడు కోసికొనుట మన ఊళ్లలో అందరమెరిగినదే. మొక్క నాటిననాడు ఆ తాతకు నీడయు లేదు, కాయయు లేదు. నీళ్లు మోయుటయే ఆయన వంతు. సమరయ దేశములో బావి యొద్ద యేసు ప్రభువు తన శిష్యులకు నేర్పిన పాఠము ఇట్టిదే. ఒకరి చెమటతో పెరిగిన పంటను మరియొకరు ఇంటికి చేర్చుదురు. అయినను దేవుని యెదుట ఇద్దరి సంతోషము ఒక్కటే. ఈ మాసము మనము తలంచుకొనబోవు మనుష్యుడు అట్టి విత్తువాడు. ఆయన గొప్ప ఇంటి బిడ్డ, ఇంగ్లండు శాసనసభలో సభ్యుడు. అయితే ఏబది యేండ్లు ఆయన సభలో నోరు తెరచినది ఎక్కువగా తమ కొరకు తాము మాటలాడుకొనలేని వారి కొరకు, వారిలోను పసిపిల్లల కొరకు.

ఆయన పేరు ఆంథోనీ యాష్లీ కూపర్. 1801 ఏప్రిల్ 28వ తేదీన లండను పట్టణములో జన్మించెను. తరువాత తండ్రికి షాఫ్ట్స్‌బరీ ప్రభువను బిరుదు, దానితోపాటు జమీందారీ వచ్చెను. ఆ ఇంట ఆస్తికి కొదువ లేదు గాని ప్రేమకు కొదువ. తల్లిదండ్రులు పిల్లలను దగ్గరకు తీసినవారు కారు. ఆ బాలుని ఒడిలో కూర్చుండబెట్టుకొని బైబిలు కథలు చెప్పినదియు, మోకాళ్లూని ప్రార్థించుట నేర్పినదియు మరియా మిల్లిస్ అను పనిమనిషి. బాలుడు ఇంకను బడిలో నుండగానే ఆమె మరణించెను. తన బంగారు గడియారమును అతనికి వ్రాసి యిచ్చిపోయెను. ఆయన ముసలివాడగు వరకు ఆ గడియారమునే ధరించెను. ఎవరైన అడిగినచో, లోకములో తనకున్న స్నేహితులందరిలో ఉత్తమురాలైన ఆమె ఇచ్చినదని చెప్పుచుండెను.

హారో అను ఊరిలోని పాఠశాలలో చదువుచున్న దినములలో ఒకనాడు ఆయన ఒక బీదవాని శవయాత్రను చూచెను. శవపేటికను మోయుచున్నవారు త్రాగి కూతలు కూయుచు, తూలుచు, దానిని క్రింద పడవేసిరి. వెంట ఏడ్చువారు ఎవరును లేరు. మనుష్యుడు బీదవాడైనంత మాత్రమున ఇట్లు పారవేయబడవలెనా అని ఆ బాలుడు కలవరపడెను. తన జీవితమును బీదల పక్షమున వినియోగించెదనని ఆ దినమున నిశ్చయించుకొనెను.

1826లో ఆయన పార్లమెంటులోని కామన్సు సభకు ఎన్నికయ్యెను. సభలో ఆయన మొదటి ప్రసంగము 1828లో మతి చెడిన వారిని గూర్చి. స్వరము ఎంత సన్నగిల్లెననగా అనేకులకు వినబడనే లేదు. అయినను సంగతి గొప్పది. ఆ దినములలో లండను దగ్గర కొన్ని పిచ్చాసుపత్రులలో రోగులను శనివారము సాయంకాలము గొలుసులతో మంచములకు కట్టి, సోమవారము వరకు అట్లే విడిచిపెట్టుచుండిరి. వారిని విచారించుటకు నియమింపబడిన సంఘములో ఆయన చేరి, చనిపోవు వరకు ఆ సేవను మానలేదు.

ఇక పిల్లల సంగతి వినుడి. ఇంగ్లండులో ఆవిరి యంత్రములతో నడుచు నూలు మిల్లులు వెలసిన కాలమది. తెగిన పోగులను ముడివేయుటకును, యంత్రముల క్రింద దూరి ఊడ్చుటకును చిన్న చేతులు, చిన్న దేహములు కావలెను. పిల్లల కూలి తక్కువ. ఎదురు చెప్పెడివారును కారు. కాబట్టి ఏడెనిమిదేండ్ల పిల్లలను దినమునకు పండ్రెండు, పదునాలుగు గంటలు నిలువబెట్టి పని చేయించుచుండిరి. నిద్రతో తూగినవారిని కొట్టుచుండిరి. అనేకుల కాళ్లు వంకరపోయెను. మైకేల్ శాడ్లర్ అను సభ్యుడు వీరి కొరకు పది గంటల చట్టమును కోరెను. 1832 ఎన్నికలలో ఆయన ఓడిపోయెను. 1833 ఫిబ్రవరిలో జార్జి బుల్ అను పాదిరిగారు యాష్లీ దొర యొద్దకు వచ్చి, ఈ భారమును నీవెత్తుకొనుమని బ్రతిమాలెను.

యాష్లీ దొర వెంటనే ఒప్పుకొనలేదు. తన వర్గపు వారందరు పగవారగుదురని, పదవులకు దూరమగుదునని ఎరుగును. ప్రార్థించెను. తన భార్య ఎమిలీతో చెప్పెను. ఆమె ఆయనను ఆపలేదు. ఫలితమును దేవునికి విడిచి ముందుకు పొమ్మనెను. ఆ ఇంటి ఇల్లాలు ఆ దినమున భయపడియుండినచో ఈ కథ మరియొక రీతిగా నుండెడిది.

మిల్లు యజమానులు, పండితులు గట్టిగా ఎదిరించిరి. గంటలు తగ్గించినచో లాభము పోవునని, పరదేశపు సరుకు తమ సరుకును మించునని, పిల్లల కూలి లేక బీద కుటుంబములే పస్తులుండునని వాదించిరి. ఆ యేడు ప్రభుత్వము తనదైన చట్టము నొకటి తెచ్చెను. దాని ప్రకారము బట్టల మిల్లులలో చాలవరకు తొమ్మిదేండ్ల లోపు పిల్లలను పెట్టుకొనరాదు. తొమ్మిది మొదలు పదమూడేండ్ల లోపు పిల్లలకు దినమునకు తొమ్మిది గంటలకు మించి పనియుండరాదు. తనిఖీ చేయుటకు నలుగురు ఇన్స్పెక్టర్లు ఏర్పడిరి. ఇది మేలే. అయినను యాష్లీ దొర కోరిన పది గంటల చట్టము మాత్రము ఓడిపోయెను. ఆయన మరల అడిగెను. మరల ఓడెను.

1840లో ఆయన కోరికపై గనులలోను ఇతర పనులలోను ఉన్న పిల్లలను గూర్చి విచారణ సంఘము నియమింపబడెను. 1842లో వెలువడిన ఆ సంఘపు నివేదికలో బొమ్మలు వేసిరి. వాటిని చూచి దేశము సిగ్గుపడెను. బొగ్గు గనుల సొరంగములలో అయిదారేండ్ల పిల్లలు చీకటిలో ఒంటరిగా కూర్చుండి, బండి వచ్చినప్పుడు గాలి తలుపు తీయుచు, మూయుచు, పండ్రెండు గంటలు గడుపుచుండిరి. స్త్రీలును బాలికలును నడుమునకు తోలుపట్టా కట్టుకొని, కాళ్ల మధ్యగా గొలుసు వేసికొని, చేతుల మీద మోకాళ్ల మీద ప్రాకుచు బొగ్గు బండ్లను లాగుచుండిరి. 1842 జూన్ 7న యాష్లీ దొర సభలో రెండు గంటల సేపు ఈ సంగతులను వివరించెను. ఆ యేడే చట్టము వచ్చెను. స్త్రీలు, బాలికలు, పదేండ్ల లోపు బాలురు గనిలోనికి దిగరాదని నిర్ణయమాయెను. బాలురకు పదమూడేండ్లు ఉండవలెనని ఆయన కోరగా, గనుల యజమానులు బలముగా నున్న ప్రభువుల సభ దానిని పదేండ్లకు దించెను. దొరికిన మేలును ఆయన త్రోసివేయలేదు, మిగిలిన దానిని మరచిపోనులేదు.

1844లో పది గంటల కొరకు ఆయన తెచ్చిన సవరణకు కామన్సు సభలో కొద్దిపాటి ఓట్లతో గెలుపు కలిగెను. ప్రధానమంత్రి పీల్ తాను పదవి విడిచెదనని తెలుపగా సభ వెనుకకు తిరిగెను. ఇట్లు చేతికి వచ్చినది జారిపోయెను.

ఇప్పుడు ఆయన జీవితములో మిక్కిలి కఠినమైన పరీక్ష వచ్చెను. ఆయనను సభకు పంపినది డార్సెట్ జిల్లా రైతులు, భూస్వాములు. పరదేశపు ధాన్యముపై పన్ను నిలుపుననే నమ్మకముతో వారాయనను ఎన్నుకొనిరి. ఆ పన్ను బీదల రొట్టెను ప్రియము చేయుచున్నదని క్రమముగా ఆయన మనస్సు మారెను. వారి ఓటుతో కూర్చుండి వారికి విరోధముగా ఓటు వేయుట నమ్మకద్రోహమని తలంచి, 1846 జనవరిలో తన స్థానమును విడిచిపెట్టెను. అదే నెలలో పది గంటల బిల్లును మరల సభలో ప్రవేశపెట్టియుండెను! పదమూడేండ్లు మోసిన భారమును గమ్యము దగ్గర మరియొకని భుజము మీద పెట్టవలసివచ్చెను. జాన్ ఫీల్డెన్ అను సభ్యుడు దానిని ఎత్తుకొనెను. ఆయన తానే మిల్లు యజమానుడు. 1847 జూన్‌లో పది గంటల చట్టము నెగ్గెను. బట్టల మిల్లులలో స్త్రీలకును పదునెనిమిదేండ్ల లోపు వారికిని దినమునకు పది గంటలే పని అని వ్రాయబడెను. ఆ దినమున యాష్లీ దొర సభలో లేడు. విత్తినది ఆయన, కోసినది ఫీల్డెన్. ఆయన దేవుని స్తుతించెను గాని అసూయపడలేదు. అదే యేడు బాత్ పట్టణము నుండి తిరిగి సభకు వచ్చెను.

కథ అంతటితో సుఖముగా ముగియలేదు. యజమానులు పిల్లలను వంతులు వేసి చట్టమును తప్పించుకొనిరి. దానిని మాన్పుటకు 1850లో ఒక రాజీ చట్టము వచ్చెను. పని వేళలు గట్టిగా నిర్ణయింపబడెను గాని దినమునకు అరగంట పని పెరిగెను. యాష్లీ దొర దీనికి ఒప్పుకొనగా, ఎవరి కొరకు శ్రమపడెనో ఆ కార్మికులలో అనేకులు ఆయనను ద్రోహి అనిరి.

ఆయనలో లోపములు లేవని చెప్పజాలము. మిల్లు యజమానులను గద్దించుచున్న దినములలో ఆయన తండ్రి భూములలోని కూలీలు కూలిన గుడిసెలలో నుండిరి. నీ ఇల్లు చూచుకొనుమని విరోధులు ఎత్తిపొడిచిరి. ఆ మాట ఆయనను బాధించెను. 1851లో తండ్రి చనిపోయి జమీందారీయు షాఫ్ట్స్‌బరీ బిరుదును తనకు రాగా, అప్పులున్నను కూలీలకు ఇండ్లు కట్టించుట ఆరంభించెను. గద్దింపును విని దిద్దుకొనుట చిన్న సంగతి కాదు.

చిరిగిన బట్టలతో వీధులలో తిరుగు పిల్లలకు ఉచితముగా చదువు చెప్పు బడుల సంఘమునకు 1844 మొదలు నలుబది యేండ్లు ఆయన పెద్దగా నుండెను. పొగగొట్టములలోనికి చిన్న బాలురను ఎక్కించి మసి దులిపించు దుష్టాచారముపైనను పోరాడెను. 1840లోను 1864లోను చట్టములు వచ్చినను అమలు చేయువారు లేరు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర పదకొండేండ్ల జార్జి బ్రూస్టర్ పొగగొట్టములో ఇరుకుకొని చనిపోయెను. అప్పుడు షాఫ్ట్స్‌బరీ దొర మరల లేచి, పోలీసుల లైసెన్సు లేనిదే ఎవడును ఆ పని చేయించరాదను చట్టమును నెగ్గించెను. అప్పటికి ఆయనకు డెబ్బది నాలుగేండ్లు.

ఆయన తలంపు మన దేశము వరకు వచ్చెను. బొంబాయి మిల్లులలో పిల్లల పాట్లను గూర్చి 1879లో ప్రభువుల సభలో ప్రసంగించెను. ఇచ్చటి మిల్లుల పోటీకి భయపడి మాంచెస్టరు వ్యాపారులును అట్టి చట్టమునే కోరిరన్నది నిజమే. వారి ఉద్దేశము వేరు. 1881లో మన దేశపు మొదటి ఫ్యాక్టరీ చట్టము వచ్చెను. నూరుగురు, అంతకు మించి పనివారున్న యంత్రశాలలలో ఏడేండ్ల లోపు పిల్లలను పెట్టరాదని, పండ్రెండేండ్ల లోపు వారికి తొమ్మిది గంటలు మించరాదని దానిలో నుండెను. ఎంత చిన్న ఆరంభము! 1950లో మన రాజ్యాంగపు 24వ అధికరణము పదునాలుగేండ్ల లోపు పిల్లలకు ఫ్యాక్టరీలను, గనులను మూసివేసెను.

1872లో భార్యయు ఒక కుమార్తెయు చనిపోగా ఆయన మిక్కిలి క్రుంగెను గాని పని మానలేదు. గాడిద బండ్లపై కూరలు, చేపలు అమ్ముకొను లండను బీదలు ఆయనకు ఒక గాడిదను బహుమానముగా నిచ్చిరి. ఆయన దానిని ఎంతో ప్రియముగా పుచ్చుకొనెను. 1885 అక్టోబరు 1న ప్రభువునందు నిద్రించెను. వెస్ట్‌మినిస్టర్ ఆలయములో అంత్య ఆరాధన జరిగిన దినమున వీధులకు ఇరువైపుల బీదలు, చిరుగు బట్టల పిల్లలు నిలిచి కన్నీరు కార్చిరి. బాల్యమున ఆయన చూచిన శవపేటిక వెంట ఏడ్చువారు లేరు. ఆయన పేటిక వెంట పట్టణమే ఏడ్చెను.

ప్రియులారా, మనలో శాసనసభలలో కూర్చుండువారు కొద్దిమందియే. అయినను మరియా మిల్లిస్ వలె ఒక బిడ్డకు ప్రార్థన నేర్పుట ఎవరి చేత కాదు? ఆమె తన పంటను కన్నులార చూడలేదు. మన పేటలో బడి మాని పత్తి చేనికో, ఇటుక బట్టీకో పోవుచున్న పిల్ల ఎవరు? ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు చదువు పిల్లల హక్కని 2009లో మన దేశము చట్టము చేసెను. కాగితము మీది చట్టము ఆ పొగగొట్టపు బాలుని కాపాడలేకపోయినట్లే, పొరుగువారు అడుగనిచో ఈ చట్టమును ఆ పిల్లను కాపాడలేదు. ఈ ఆదివారము ఆరాధన తరువాత సంఘపెద్దలు ఆ తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి, వారి కష్టమును ముందు వినవలెను. ఆ తరువాత బిడ్డను బడికి చేర్చుటకు దారి చూపవలెను.

ప్రార్థన: తండ్రీ, నీ చిన్నవారిలో ఒక్కడైనను నశించుట నీ చిత్తము కాదని ఎరుగుదుము. మాటలాడలేని వారి పక్షమున మాకు నోరు నిమ్ము. పంట కోయుట మా వంతు కాకపోయినను విత్తుటలో విసుగకుండ మమ్మును బలపరచుము. ఆమేన్.