టైపు యంత్రమును నిర్మించిన షోల్సు

నరసరావుపేటలోనైనను మాచర్లలోనైనను కంప్యూటరు కీబోర్డుపై ఆంగ్లాక్షరములు ఏ, బి, సి క్రమమున నుండవు. అక్షరముల పై వరుస క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అని మొదలగును. ఈ కూర్పునకు మూలపురుషుడు క్రిస్టఫర్ లాథమ్ షోల్సు.

ఈయన 1819వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. బాల్యముననే ముద్రణాలయమున పని నేర్చి, విస్కాన్సిన్ ప్రాంతమునకు పోయి పత్రికాసంపాదకుడయ్యెను. శాసనసభ్యుడై, 1853లో ఆ రాష్ట్రమున మరణశిక్షను తొలగించుటకు మిక్కిలి పాటుపడెను. ఈ యొక్క కార్యము చాలును ఆయనను స్మరించుటకు. కాని లోకము ఆయనను మీటలవలననే యెరుగును.

1866లో షోల్సు, సామ్యూల్ సూలే అను ముద్రాపకునితో కలిసి పుటలకు అంకెలు వేయు యంత్రమును చేయుచుండెను. కార్లోస్ గ్లిడ్డెన్ అను మిత్రుడు దానిని చూచి, అంకెలు వేయు యంత్రము అక్షరములను మాత్ర మేల వేయరాదని యడిగెను. 1868 జూన్ 23న ఆ మువ్వురకు పేటెంటు లభించెను. తొలి యంత్రపు మీటలు పియానో మీటలవలె నుండెడివి. జేమ్స్ డెన్స్‌మోర్ ధనసహాయము చేసి, యంత్రములను వ్రాతపనివారికిచ్చి పరీక్షింపజేసెను. వారు లోపములు చూపుటయు, షోల్సు విసుగుచునే మరల సవరించుటయు ఏండ్లతరబడి సాగెను. అక్షరముల వరుస ఆ కాలముననే పలుమార్లు మారెను. అచ్చుకడ్డీలు ఒకదానికొకటి చిక్కుపడకుండుటకే మార్చెనని కొందరందురు. తంతి పనివారి సౌకర్యమునకని మరికొందరందురు. యంత్రమును మొదట వాడినవారిలో తంతివారుండుటచే రెండవ మాటయే నాకు నమ్మదగినదిగా తోచుచున్నది.

1873లో తుపాకులు చేయు రెమింగ్టన్ సంస్థతో ఒడంబడిక జరిగి, మరుసటి యేట యంత్రము అంగళ్లకు వచ్చెను. అది పెద్దయక్షరములనే వేసెడిది. వ్రాయుచున్న పంక్తి వ్రాయువానికి కనబడెడిది కాదు. షోల్సు తన హక్కును అమ్ముకొనెను. పిదప వచ్చిన లాభము పరుల పాలయ్యెను.

క్షయవ్యాధితో బాధపడుచును ఆయన పని మానలేదు. 1889లో అక్షరములను వేరొక వరుసలో కూర్చి క్రొత్త పేటెంటునకై దరఖాస్తు పెట్టెను. 1890 ఫిబ్రవరి 17న మిల్వాకీలో మరణించెను. ఆ పేటెంటు వచ్చినది 1896లో! అప్పటికి వేలకొలది టైపిస్టుల వ్రేళ్లు పాత వరుసకు అలవడియుండెను. చేసినవాడే మార్చదలచినను లోకము మారలేదు. 1936లో డ్వొరాక్ అను పండితుడు పేటెంటు పొందిన వేరొక కూర్పునకును ఇదే గతి పట్టెను.

మన తెలుగునందును ఇట్లే జరిగినది. ప్రభుత్వము ఇన్‌స్క్రిప్టు అను కూర్పును నిర్ణయించినను, తరువాత యూనికోడు వచ్చినను, అను ఫాంట్లతో డి.టి.పి. పని నేర్చినవారు పెక్కురు ఆపిల్ అను పాత కూర్పును విడువలేదు. వారు కూర్చిన వ్రాతను యూనికోడులోనికి మార్చుటకు వేరుగా ఉపకరణము కావలెను. ఆ శ్రమకైన నోర్తురుగాని వ్రేళ్ల అలవాటు మార్చుకొనరు. కీబోర్డు త్రాడు చివర 1987 నాటి పీయస్‌-టూ గుండ్రని మొన యున్నచో, దానిని యూయస్‌బీ రంధ్రమునకు కలుపు చిన్న ముక్కను కొని తగిలించి, ఆ పాత మీటలపైననే పని సాగించువారును గలరు.