బిషప్ అజరయ్యగారు: పుచ్చుకొన్న సంఘమును పంపు సంఘముగా చేసిన దైవజనుడు



అబ్రాహాము తన దేశమును, తన బంధువులను, తన తండ్రి యింటిని విడిచి, దేవుడు చూపించు దేశమునకు బయలుదేరినట్లు ఆదికాండము 12వ అధ్యాయములో చదువుచున్నాము. దేవుడు అతని నాశీర్వదించెను. అయితే ఆ ఆశీర్వాదము అతని గుడారములో దాచియుంచుటకు కాదు, అతని ద్వారా ఇతర వంశములకు చేరుటకే. పుచ్చుకొన్నవాడు ఇచ్చువాడు కావలెను. ఈ నెల మనము ధ్యానింపవలసిన పాఠమిదియే.

మన రామతీర్థము చుట్టుపట్ల పల్లెలవారికి పరదేశ ప్రయాణము క్రొత్త సంగతి కాదు. పూర్వము విశాఖపట్నము, గంజాము జిల్లాల జనులు అనేకులు ఓడలెక్కి రంగూనుకు పోయిరి. మరికొందరు చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోయిరి. వారు పొట్టకూటికై వెళ్ళినవారు. అందులో తప్పేమియు లేదు. అయితే సేవచేయుటకు పరదేశము వెళ్ళుట వేరు. అట్టివారు మన ప్రాంతమునకు వచ్చిరి. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు లండను మిషను సేవకులు విశాఖపట్నము చేరి, తెలుగు నేర్చుకొని, సువార్తలను మన భాషలోనికి మార్చుటకు పూనుకొనిరి. 1809లో ఒకరు, 1810లో మరియొకరు మరణించిరి. తరువాత కెనడా బాప్తిస్టు మిషనువారు వచ్చి బొబ్బిలి, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో సంఘములను, బడులను నిలిపిరి. కాబట్టి మనము పుచ్చుకొన్న సంఘము. పుచ్చుకొన్న సంఘము ఎప్పటికైనను పంపు సంఘము కాగలదా? ఈ ప్రశ్నకు తన జీవితముతోనే జవాబు చెప్పినవాడు డోర్నకల్ బిషప్ అజరయ్యగారు. ఆయన మన మిషనుకు చెందినవాడు కాకపోయినను, తెలుగు క్రైస్తవులందరును ఆయనకు ఋణస్థులమే.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన, తమిళ దేశమున తిరునెల్వేలి ప్రాంతములోని వెళ్ళాళన్‌విళై అను చిన్న పల్లెలో జన్మించెను. తండ్రి ఆ పల్లె పాదిరి. బాలుడుగా నుండగనే తండ్రి గతించెను. తల్లి యెలెను భయభక్తులతో కుమారుని పెంచెను. తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను. పరీక్షల సమయమున జబ్బుపడినందున పట్టము పొందలేకపోయెను. లోకము దృష్టికి ఇది పెద్ద నష్టము. దేవుడు మాత్రము ఆ పట్టములేని యువకుని కొరకు వేరొక పని సిద్ధపరచియుండెను.

1895లో, ఇరువది యొకటవ యేట, ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరెను. అది మొదలు పదునాలుగేండ్లు దక్షిణదేశమంతట తిరిగి, యువకులను కూర్చి, వేదపాఠములు నేర్పి, విద్యార్థుల కూటములు నడుపుచుండెను. అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అను యువకుడు ఆ పనిలో ఆయనకు తోడైనవాడు. ఒకరు తెల్లదొర, ఒకరు పల్లెటూరి పాదిరి కుమారుడు. ఆ కాలమున అట్టివారిద్దరు అన్నదమ్ములవలె కలిసి తిరుగుట అరుదు. 1898లో అజరయ్యగారు అన్బు మరియమ్మగారిని వివాహమాడెను.

1902లో ఆయన సముద్రము దాటి సింహళద్వీపములోని యాళ్ళపాణమునకు వెళ్ళెను. ఇతరులకు బోధింపవలెనని వెళ్ళినవాడు అక్కడ తానే పాఠము నేర్చుకొనెను. ఆ చిన్న ద్వీపములోని తమిళ క్రైస్తవులు తమ సొంత రూకలు కూడబెట్టి, తమ సొంత మనుష్యులను సువార్త పనికి పంపుచుండిరి. తిరునెల్వేలి సంఘమో, ఎంతో పాతది, ఎంతో పెద్దది. అయినను ఇతర దేశమునకు ఒక్కరినైనను పంపలేదు. ఈ తలంపు ఆయన మనస్సును గుచ్చెను. ఇల్లు చేరి స్నేహితులతో ప్రార్థించి, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సంఘమును స్థాపించెను. దానికి ధనము భారతీయులదే, పనివారు భారతీయులే, పెత్తనమును భారతీయులదే. వారు ఎన్నుకొనిన పొలము నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. భాష వేరు, రాజ్యము వేరు. తిరునెల్వేలివారికి అది పరదేశమే.

అదే 1903వ సంవత్సరమున మన తెలుగు బాప్తిస్టులును ఇట్టి పనినే చేసిరని మరువకూడదు. నెల్లూరు ప్రాంతపు సంఘములవారు జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపిరి. మన జిల్లాల కూలీలు చెరకు కొట్టుచున్న ఆ దేశమున ఆయన తెలుగు సంఘములను కట్టి, 1915లో మరణించువరకు కాపరిగా నుండెను. పేద సంఘములు పంపలేవను మాట ఆ యేడే రెండు చోట్ల అబద్ధమాయెను.

1905లో క్రిస్మసు దినమున, విలియం కేరీ పనిచేసిన శ్రీరాంపూరులో, నేషనల్ మిషనరీ సంఘము పుట్టెను. దానికిని అజరయ్యగారు కార్యదర్శి యాయెను. 1907లో జపాను దేశమున టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు వెళ్ళెను. పేరు వచ్చుచుండెను, గౌరవములు పెరుగుచుండెను. అయితే ఇతరులను పంపుచు తాను వెళ్ళకుండుట ఆయనకు సమ్మతము కాలేదు. 1909లో గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. ఆ వయస్సున తెలుగు నేర్చుకొని, పల్లెజనులకు అర్థమగునట్లు బోధించెను. ఎడ్లబండిమీద ఊరూరు తిరిగి, చెట్టు క్రింద కూర్చుండి, మాల మాదిగ వాడలలో ప్రభువు సంగతులు చెప్పెను.

1910లో స్కాట్లండు దేశమున ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా ఖండమువారు బహు కొద్దిమంది. ఆ సభలో అజరయ్యగారు లేచి ధైర్యముగా ఒక సంగతి చెప్పెను. పరదేశ సేవకులు చేసిన త్యాగమును ఆయన తక్కువచేయలేదు. వారు తమ ధనమును, బలమును, ప్రాణమును సహా ఇచ్చిరని ఒప్పుకొనెను. అయితే ఇవన్నియు ఇచ్చియు, భారతీయ సోదరుని సమానునిగా ఎంచి తమ బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనువారు అరుదని చెప్పి, స్నేహమును దయచేయుడని వేడుకొనెను. కొందరికి కోపము వచ్చెను. కాని యోహాను సువార్త 15వ అధ్యాయములో మన ప్రభువు తన శిష్యులను దాసులని పిలువక స్నేహితులని పిలిచినట్లు చదువుచున్నాము గదా! అజరయ్యగారు అడిగినది అంతకంటె ఎక్కువేమియు కాదు.

1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్పు అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. అందుకు తెల్లవారిలోను మనవారిలోను ఆక్షేపించినవారుండిరి. ఆయన వారితో వాదములాడక పనిచేసి చూపించెను.

ఆయన పనిలో ముఖ్యమైనది పనివారిని తయారుచేయుట. ఒక్కడు వెయ్యి పల్లెలకు వెళ్ళజాలడు; కాని వెయ్యి పల్లెలనుండి యువకులను పిలిచి నేర్పి తిరిగి పంపవచ్చును. వాడలలో పుట్టిన బిడ్డలే ఉపదేశకులై, గురువులై లేచిరి. భర్తకు మాత్రమే కాదు, భార్యకును శిక్షణ కావలెనని ఆయన పట్టుబట్టెను. ఏలయనగా పల్లెలోని స్త్రీల యొద్దకు ఆమెయే వెళ్ళగలదు. వేసవిలో ఉపదేశకులను కూర్చి వేదపాఠములు నేర్పెడివారు. వారు పల్లెకు తిరిగి వెళ్ళి, కూలి పనినుండి వచ్చిన జనులను రాత్రివేళ దీపము చుట్టు కూర్చుండబెట్టి నేర్చినది నేర్పెడివారు. చదువుకొన్నవాడు చేతిపనికి సిగ్గుపడరాదని డోర్నకల్ బడిలో పిల్లలచేత పనియును చేయించెడివారు.

బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీద ఉంచుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమయని పౌలు కొరింథీయులకు వ్రాసిన భావమును పలుకునట్లు ఆయన నేర్పెను. నిన్న విన్నవాడు నేడు చెప్పవలెను. సంఘము చేయి చాపునదిగా కాక చేయి విప్పునదిగా ఉండవలెనని, క్రైస్తవ దాతృత్వమును గూర్చి పుస్తకమును వ్రాసెను. కూలివారు సహా పిడికెడు బియ్యము కానుకగా తెచ్చెడివారు. డోర్నకల్‌లో మన దేశపు శిల్పరీతిలో కట్టిన దేవాలయమును 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠించిరి. ఆయన మేత్రాసనములోని క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి.

1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఆయన డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించెను. సంఘముల ఐక్యత కొరకు ఎంతగానో పాటుపడెను గాని, 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటను కన్నులార చూడలేదు. మోషేవలె దూరమునుండి చూచి వెళ్ళెను.

ప్రియులారా, ఈ జీవితము మన కెందుకు? నేడు వేసవి సెలవులు రాగానే సంఘములు యౌవనుల నాయకత్వ శిబిరములు నడుపుచున్నవి. పరదేశములనుండి యౌవనులు సహాయమునకు వచ్చుచున్నారు. మన పిల్లలును చదువుకొని దూరదేశములకు వెళ్ళుచున్నారు. ఇది మంచిదే. అయితే శిబిరము ముగిసి, పందిరి విప్పిన తరువాత ఏమి మిగులును? ఫొటోలు, పాటలు మాత్రమేనా? వచ్చినవారు వెళ్ళిపోయిన ఆదివారమున ప్రార్థన నడుపగల యువతీయువకుడు మన పల్లెలో మిగిలినచో ఆ శిబిరము ఫలించినది. లేనియెడల అది తిరునాళ్ళతో సమానము.

కాబట్టి వెళ్ళు యౌవనులారా, ముందు ఆ జనుల భాష నేర్చుకొనుడి. వారి చాపమీద కూర్చుండుడి, వారి అన్నము తినుడి. మీరు లేకున్నను సాగునట్లు పనిని వారి చేతికి అప్పగించుడి. పెద్దలారా, మీ బిడ్డలను జీతమునకు పంపుటకు అప్పులు చేయుచున్నారు. వారిలో ఒక్కరినైనను సేవకు పంపుటకు ప్రార్థన చేయుచున్నారా? మన సంఘము చిన్నది, పేదది అనవద్దు. యాళ్ళపాణము చిన్నదే. నెల్లూరు కూలీల కానుకలు చిన్నవే. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయములో అంతియొకయ సంఘము తనకున్న బోధకులలో శ్రేష్ఠులైన ఇద్దరిని ఉపవాసముండి ప్రార్థించి పంపెను; వారిని పంపినందున ఆ సంఘము బీదదై పోలేదు.

పుచ్చుకొన్న మనలను ఇచ్చువారినిగా, పిలువబడిన మనలను పంపువారినిగా ప్రభువు చేయునుగాక. ఆమేన్.