తానీషా కథ

ఈసారి గోడపత్రికలో నేను గోల్కొండ చివరి రాజు తానీషా జీవితం రాస్తున్నాను. ఎందుకంటే హిందీలో తానాషాహ్ అంటే నియంత అని అర్థం. అంటే ఎవరి మాటా వినకుండా తన ఇష్టమొచ్చినట్టు ఏలేవాడు. ఆ మాట ఈ రాజు పేరు నుంచే వచ్చిందని కొందరంటారు. మనకేమో రామదాసు కథలో తానీషా తెలుసు. ఆయన నిజంగా అట్లాంటివాడేనా అని నాకు అనుమానం వచ్చింది. లైబ్రరీలో వెతికి, సోషల్ మేడమ్‌ను అడిగి రాసుకున్నాను.

ఆయన అసలు పేరు అబుల్ హసన్. రాజులకు చుట్టమే గానీ రాజు కావాల్సినవాడు కాదు. షా రాజు అనే ఫకీరు దగ్గర చాలా ఏళ్లు శిష్యుడిగా ఉన్నాడు. తానాషా అనే పేరు ఆ గురువే ముద్దుగా పెట్టాడంట. అప్పటి రాజు అబ్దుల్లా కుతుబ్ షాకు కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్లు. మూడో అమ్మాయిని ఈయనకిచ్చి పెళ్లి చేశారు.

1672లో రాజు చనిపోగానే గొడవ మొదలైంది. సయ్యద్ అహ్మద్ అనే ఇంకో అల్లుడు గద్దె నాదే అన్నాడు. కానీ దర్బారులో, సైన్యంలో పలుకుబడి ఉన్నవాళ్లు అబుల్ హసన్ వైపు నిలబడ్డారు. కత్తుల బలంతో ఒక అల్లుడు బందీ అయిండు, ఇంకో అల్లుడు రాజు అయిండు. అట్లా నిలబడ్డవాళ్లలో మూసాఖాన్ ఒకడు. కిందటేడు మనం విహారయాత్రకు హైదరాబాద్ పోయినప్పుడు పురానాపూల్ దాటి కార్వాన్ మీదుగా గోల్కొండకు పోయాం కదా, అక్కడ కార్వాన్‌లో ఉన్న టోలీ మసీదును 1671లో ఈ మూసాఖానే కట్టించాడు. మక్కా మసీదు పనికి ఖర్చయ్యే ప్రతి రూపాయికి ఒక దమ్మిడీ తీసుకుని దీన్ని కట్టాడని చెప్పుకుంటారు. దమ్మిడీ అంటే చాలా చిన్నది. కానీ మక్కా మసీదు ఎంత పెద్దదో అందరం చూశాం.

కార్వాన్ అంటే బిడారు, ఒంటెల మీద, ఎద్దుల మీద సరుకులు వేసుకుని గుంపుగా పోయే వ్యాపారులు. కోటకూ ఊరికీ నడుమ ఉన్న దారి కాబట్టి అక్కడ వజ్రాలు, ముత్యాలు అమ్మేవాళ్లు దిగేవాళ్లు. కోటలో ఏం జరిగినా ముందు ఆ దారికే తగిలేది.

తానీషా రాజయ్యాక పెత్తనమంతా మంత్రి మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న చూసుకున్నారు. తానీషా కూచిపూడి ఊరిని నాట్యం చేసేవాళ్లకే ఇచ్చాడంటారు. మన భద్రాచలంలో రాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం కూడా ఆయనే పెట్టాడంటారు. ఇప్పటికీ ప్రభుత్వం పంపిస్తుంది.

మరి రామదాసు సంగతి? ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న, అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. మన వైపు తహశీల్దారు. పన్ను సొమ్ము ఆరు లక్షల వరహాలు గుడికి పెట్టాడని గోల్కొండలో 12 ఏళ్లు బందీఖానాలో వేశారు. రాములవారు వచ్చి బాకీ కట్టిన కథ మీకు తెలిసిందే, మళ్లీ రాయను. రాముణ్ణి మొదట చూసింది దమ్మక్క, ఆమె మన మనిషే అని మా ఊళ్లో చెప్తారు. ఆ పన్ను సొమ్ము కూడా మనలాంటి ఊళ్ల నుంచి వచ్చిందే కదా అని నాకనిపిస్తుంది. కానీ 12 ఏళ్లు చీకట్లో వేయడం చాలా ఎక్కువ. అందులో నేను తానీషాను సమర్థించను.

1685లో ఢిల్లీ బాదుషా ఔరంగజేబు కొడుకు షా ఆలం సైన్యంతో వచ్చాడు. తానీషా సేనాపతే వాళ్లతో కలిసిపోయాడు. రాజు రాత్రికి రాత్రి హైదరాబాద్ వదిలి గోల్కొండ కోటలోకి పోయాడు. అది తెలిసి జనం కూడా ఏది దొరికితే అది పట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని కోట వైపు ఉరికారు. ఊరంతా దోచారు. మోయలేని పెద్ద పెద్ద తివాచీలను కత్తులతో ముక్కలు కోసి పట్టుకుపోయారంట. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. నేను పుట్టకముందు మా అమ్మానాన్న కూడా అవతలి రాష్ట్రంలో ఊరు వదిలి, పొయ్యి మీద జావ అట్లనే ఉంచి, అడవిలో మూడు రాత్రులు నడిచి ఇటు వచ్చారు. మా అమ్మ ఎక్కువ చెప్పదు. ఆ జావ సంగతే చెప్తది.

1686 మార్చిలో అక్కన్న మాదన్నలను గోల్కొండ వీధిలోనే చంపేశారు. కుట్ర చేసింది లోపలివాళ్లే, చనిపోయిన రాజు భార్యలు కూడా అందులో ఉన్నారు. మాదన్న తలను మొగలుల దగ్గరికి పంపారు. ఇదంతా తానీషాకు తెలియకుండానే జరిగిందంట. నియంత అని పేరు పడ్డవాడికి తన కోటలో ఏం జరుగుతుందో తెలియదు!

అయినా ఔరంగజేబు ఆగలేదు. 1687లో స్వయంగా వచ్చి సుమారు 8 నెలలు కోటను ముట్టడించాడు. ఫిరంగులకు లొంగలేదు. వానలు, వరద, కరువు వచ్చి బయట హైదరాబాద్ జనం తిండి లేక చచ్చిపోయారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లాఖాన్ పానీ అనే సర్దారు లంచం తిని తలుపు తీసిండు. అబ్దుర్ రజాక్ లారీ అనే ఒక్కడు మాత్రం ఒంటి నిండా 70 గాయాల దాకా తగిలినా కొట్లాడాడు. శత్రువులే వైద్యులను పంపి ఆయన్ను బతికించారు.

మొగలులు లోపలికి వచ్చినప్పుడు తానీషా ఏడవలేదు. భోజనం వేళ అయిందని నెమ్మదిగా కూర్చుని తిని, తర్వాత వాళ్లతో వెళ్లాడంట.

ఆయన్ను మహారాష్ట్రలోని దౌలతాబాద్ కోటలో ఉంచారు. అక్కడ సుమారు 12 ఏళ్లు బందీగానే ఉండి చనిపోయాడు. రామదాసు కూడా లోపల ఉన్నది అన్నేళ్లే. గోల్కొండ దగ్గర ముందటి కుతుబ్ షాహీ రాజులకు పెద్ద పెద్ద గుమ్మటాలు మనం చూశాం. తానీషా సమాధి అక్కడ లేదు. దౌలతాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో మామూలుగా ఉంది. ఔరంగజేబు సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది.